తలకోనలో బెల్లం ముక్క

మా బావ దేవనాథన్ తిరుపతిలో గుమాస్తా. పత్రికలకు ‘మీకు తెలుసా?’ అంటూ చిన్నచిన్న ముక్కలు రాసి పంపడం ఆయనకు పిచ్చి. వైష్ణవుడు, ముక్క ముట్టడు. అందుకని మా చెవులు తినేవాడు.

డెబ్బై ఎనిమిది వేసవిలో కుముదవల్లి అక్కనూ నన్నూ తలకోనకు తీసుకెళ్లాడు. నెరబైలులో బస్సు దిగి మునివెంకటప్ప ఎద్దులబండి ఎక్కాం. జలపాతం ఇంకా రాకముందే బావ నోరు జలపాతమైంది.

"ఎర్రచందనం ఈ కొండల్లో తప్ప పెద్దగా యాడా పెరగదు. ఇదిగో ఈ తీగ చూడరా, పొడపత్రి. చక్కెర జబ్బుకు మందు." తాను రెండాకులు నమిలి, నా నోట్లో రెండు కుక్కాడు. చేదు.

"పత్రికలవాడివి, పత్రి కాక ఇంకేం పెడతావు బావా!" అన్నాను.

బండి దిగి నాలుగడుగులు వేశామో లేదో, రాళ్ల సందులో ఏదో సర్రుమంది. బావ కెవ్వుమన్నాడు. మడమ మీద రెండు నెత్తుటి చుక్కలు. పొదలోకి పోయే తోక మాత్రం కనిపించింది.

"కదలొద్దు సామీ!" మునివెంకటప్ప తుండుగుడ్డ మూట విప్పి బెల్లం ముక్క తీశాడు. "ఇది తిను. తియ్యగుంటే బయం లే. మన్ను మాదిరి ఉంటే ఇసం ఎక్కినట్టే. మా నాయన కాలం నుంచీ ఇదే పరీచ్చ."

బావ నమిలాడు. ముఖంలో రంగు దిగిపోయింది. "మన్నే... మన్ను మాదిరే ఉండాది."

అక్క బండిచక్రం పట్టుకుని కూలబడింది. అన్ని విషయాలూ తెలిసిన మనిషికి విషం గురించి ఒక్క మాట పెగల్లేదు.

"బెల్లమే పాడైందేమో!" అని అరిచి నేనూ ఆ ముక్క అందుకుని కొరికాను. ఉత్త మన్ను. "నన్నెప్పుడు కరిచిందప్పా!" అంటూ పంచె ఎత్తి పిక్కలు వెతుక్కున్నాను.

అక్క లేచి నా చేతిలోది లాక్కుని కొరికింది. "తియ్యగానే ఉంది కదరా!"

బావ మెల్లగా తలెత్తాడు. "ఆకు... పొడపత్రి నమిలితే కొంతసేపు నాలుక్కి తీపి తెలీదు. నేనే రాసినాను కదరా. బయానికి మరిచిపోయినా."

నాకు నవ్వొచ్చింది. బావకు రాలేదు. మడమ మీది చుక్కలు అలాగే ఉన్నాయి. ఇంతసేపూ బెల్లమైనా ఏదో ఒకటి చెప్పింది. ఇప్పుడు చెప్పేదే లేదు.

"ఆస్పత్రికి! ఎద్దుల్ని తోలప్పా!" అన్నాను.

బస్సులో అక్క ఆయన పాదం మీదినుంచి చూపు తిప్పలేదు. "నా కనురెప్పలు వాలుతున్నాయేమో చూడవే" అని బావ అడుగుతూనే ఉన్నాడు. భాకరాపేట ఘాట్లో, మునివెంకటప్ప ఇచ్చిన ఇంకో బెల్లం ముక్క నోట్లో వేసుకుని, "తియ్యగుండాది కుముదా" అన్నాడు. మేమెవరమూ నమ్మలేదు. ఆయనా నమ్మలేదు.

డాక్టరు మర్నాటి దాకా పడుకోబెట్టి చూసి, విషం లేదు, ఇంటికి పొమ్మన్నాడు.

దారిలో బావ ఒక్క ముక్కా చెప్పలేదు. ఆ మౌనానికే అక్కకు భయమేసింది. గుమ్మం దగ్గర ఆగి, "ఏమండీ, మన దేశంలో పాములెన్ని రకాలు?" అని బతిమాలినట్టు అడిగింది.

బావ గడప దాటలేదు.

"తెలీదు కుముదా. ముందు నువ్వు పోయి మంచం కింద చూడు."