డొక్క ఎటు పోయింది

దసరా నుంచి అంతర్వేది పల్లిపాలెంలో ఎవరికీ తెలియకుండా బంగారమ్మ ఒక పని చేస్తోంది. తొలికోడి కూయగానే ఒక్కతే సముద్రం దగ్గరికి వెళ్ళి, ఎండు కొబ్బరి డొక్కను నీళ్ళలోకి విసిరేది. వేసినచోటికే తిరిగొస్తే నీళ్ళు నిలకడగా ఉన్నట్టు. గోదావరి కలిసే మొగవైపు పరిగెడితే మాత్రం పడవ దింపకూడదు. అక్కడి ఇసుకదిబ్బ మీద కెరటాలు పడవను తిరగేస్తాయి. ఆ తర్వాత పెద్ద కెరటాలు వరసగా ఎన్ని వస్తున్నాయో, ఆపైన సముద్రం ఎంతసేపు ఊరుకుంటోందో చూసి, ఇంటికొచ్చి మొగుడి చెవిలో చెప్పేది.

మొగుడు సూర్యారావు కళ్ళకు శుక్లాలు. పాతికేళ్ళుగా పడవను నడిపే వెనక తెడ్డు అతనిదే. అతని మాట మీదే మిగతా అయిదుగురూ పడవ తోస్తారు. ఫాల్గుణంలో రాజోలులో కంటి ఆపరేషన్లు చేస్తారట. అందాకా నోరు విప్పనని భార్యచేత ఒట్టు వేయించుకున్నాడు. తెలిస్తే తెడ్డు చెయ్యి మారుతుంది. మారిన తెడ్డు మళ్ళీ రాదు.

ఒకరోజు డొక్క వేసినచోటికే వచ్చింది. ఏడు పెద్ద కెరటాలు, తర్వాత చాలాసేపు తెరిపి. అదే చెప్పింది. కానీ వలతాడు తెగడంతో అది ముడి వేసుకునేసరికి బారెడు పొద్దెక్కింది. బంగారమ్మ చద్దిగిన్నె పట్టుకుని వచ్చేసరికి, తెల్లవారుజామున వీపుకు తగిలిన గాలి ఎడమచెంపకు కొడుతోంది. అనుమానంతో ఇంకో డొక్క విసిరింది. అది ఒక్కక్షణం ఆగి మొగవైపు ఉరికింది.

అప్పటికే పడవ మోకాలిలోతు నీళ్ళలో ఉంది. ఏడు లెక్కపెట్టి తొయ్యమంటున్నాడు సూర్యారావు. అందరూ తలలు వంచి భుజాలు ఆనించేరు. వేటకు వెళ్ళేవాళ్ళను వెనకనుంచి పిలవకూడదు. బంగారమ్మ పిలవలేదు. గిన్నె ఇసుకలో పెట్టి, చీర ఎగదోపుకుని, పక్కనుంచి నీళ్ళలోకి దిగి, పడవకు ఎదురుగా వెళ్ళి దాని ముక్కు రెండు చేతులా పట్టుకుంది. వెనకనుంచి కెరటం తలమీదుగా విరిగింది. చేతులు వదల్లేదు.

"ఏంటి వదినా, మాతోపాటు వేటకొచ్చేత్తావా?" అన్నాడు పడవ తోస్తున్న దొరబాబు. మిగతావాళ్ళు నవ్వేరు.

"ఎవర్రా అది, అడ్డంగా?" అన్నాడు సూర్యారావు.

నవ్వులు ఆగిపోయాయి. పెళ్ళాం నాలుగు బారల దూరంలో ఉంది.

"నేనే మావా. నీళ్ళు మొగకి లాగుతున్నాయి. పొద్దుట నేను చెప్పింది ఇప్పుడు లేదు."

ఒట్టు పోయిందని ఆమెకు తెలుసు. అయినా తల దించలేదు.

దొరబాబు వలలోంచి బెండుముక్క ఊడదీసి విసిరేడు. అదీ మొగవైపే పోయింది. అటు ఇసుకదిబ్బ మీద నీళ్ళు తెల్లగా లేచి పడుతున్నాయి.

సూర్యారావు తెడ్డు కింద పెట్టేడు.

"దసరా నించి సముద్రం చూసేది అదేరా. నాకు కనబడ్డం లేదు."

పడవను ఒడ్డుకు లాగేరు. సాయంత్రం అందరూ కూర్చుని తెడ్డు దొరబాబుకి ఇచ్చేరు. సూర్యారావు అన్నం ముందునుంచి లేచిపోయాడు.

మర్నాడు తొలికోడికి బంగారమ్మ ఎప్పటిలాగే డొక్క తీసుకుని బయల్దేరింది. నీళ్ళ దగ్గర దొరబాబు, మిగతా నలుగురూ ముందే నిలబడి ఉన్నారు. ఆమె డొక్క విసిరి, కెరటాలు లెక్కపెట్టి వెనక్కి తిరిగింది. ఇసుకలో కర్ర పోటేసుకుంటూ సూర్యారావు వస్తున్నాడు. అలవాటు ప్రకారం అతని చెవి దగ్గరికి వంగింది.

"నా చెవిలో కాదు," అన్నాడు. "గట్టిగా చెప్పు. ఆళ్ళందరికీ వినబడాలి."