ఓరిన్ చేసిన గురి స్టాండ్లు

పెళ్లినాటికే వెల్డా గురికి ఆ కొండలోయలో తిరుగులేదు. కౌంటీ సంతలో జరిగే తుపాకి పందెంలో మగవాళ్లందరినీ ఓడించి, పొగబెట్టిన పంది తొడ గెలుచుకుని భుజాన వేసుకొచ్చింది. "నీకు గురి లేకపోతే పోనీలే, చెక్కపని వచ్చు కదా. నేను కాల్చడానికి ఏదో ఒకటి నిలబెడుతూ ఉండు" అంది మొగుడు ఓరిన్‌తో. నలభై ఒక్క ఏళ్లుగా అతను నిలబెడుతూనే ఉన్నాడు.

ఇంటి వెనక కొండవాలును తొలిచి, తూటాలు ఆగడానికి ఎత్తుగా మట్టికట్ట పోశాడు. మొదట్లో గురి అట్టలు నిలబెట్టే స్టాండ్లు ఇనప గొట్టాలతో చేస్తే, గొట్టానికి తగిలిన తూటా ముక్క ఎగిరొచ్చి అతని పిక్కలో దిగింది. వెల్డా దాన్ని పట్టకారుతో లాగుతూ, "కొంటే కాసులు పోతాయి, నువ్వు చేస్తే కాళ్లు పోతాయి" అని నవ్వింది. ఆ తరవాత ఇనుము జోలికి పోలేదు. రంపపు మిల్లు వాళ్లు పారేసే దుంగముక్కలతో బరువైన అడుగు చట్రం, దానికి రెండు గాడులు, గాడుల్లో సన్నటి బద్దలు, బద్దలకు అట్ట. తూటా తగిలినా విరిగేది బద్దే. అడుగు చట్రం ముందు మోకాలెత్తు మట్టి పోస్తే దానికి దెబ్బే ఉండదు.

నలభై ఒక్క ఏళ్లు గడిచాక వచ్చిన వసంతంలో వెల్డా మరవడం మొదలుపెట్టింది. మొక్కజొన్న రొట్టెలో ఉప్పు రెండుసార్లు వేసింది. చనిపోయి పదేళ్లయిన తల్లి ఇంకా చర్చి నుంచి రాలేదేమని అడిగింది. పట్నంలో డాక్టరు జబ్బు పేరు చెప్పి, "ఇంట్లో తుపాకులుంటే ముందు అవి తీసెయ్యండి" అన్నాడు. ఓరిన్ తలూపి వచ్చాడే గాని తీయలేదు. ఆమె తల మరిచినా చేతులు మరవలేదు. అయిదు తూటాలూ ఇప్పటికీ అరచేతంత చోటులోనే పడుతున్నాయి. అది చూసినప్పుడల్లా డాక్టరు పొరబడ్డాడనిపించేది.

అతను కొత్తగా ఎనిమిది స్టాండ్లు మొదలుపెట్టాడు. చెద పట్టకుండా, తడి తగలకుండా ట్రాక్టరులోంచి తీసిన పాత నూనె పట్టించాడు.

వెల్డా తమ్ముడు లాయల్ వచ్చి ఒకదాన్ని ఊపి చూశాడు. కదల్లేదు. "ఇరవై ఏళ్లు ఉంటాయి బావా ఇవి" అన్నాడు. చేతికంటిన నూనె తుడుచుకుంటూ, "ఎవరికి బావా, ఇరవై ఏళ్లు?" అన్నాడు.

ఓరిన్ ఇంకో బద్ద చిత్రిక పట్టాడు.

జూలైలో ఒక పొద్దున వెల్డా అయిదు తూటాలు కాల్చింది. "ఆగు, బద్ద విరిగింది, మారుస్తాను" అని చెప్పి ఓరిన్ ముందుకు నడిచాడు. ఎవరైనా ముందుకు వెళ్తే రైఫిల్ ఖాళీ చేసి బల్ల మీద పెట్టాలి. ఆ పద్ధతి అతనికి నేర్పింది వెల్డానే. కొత్త బద్ద చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగేసరికి రైఫిల్ ఆమె భుజానికే ఉంది. గొట్టం తనవైపే చూస్తోంది.

"ఎవరు నువ్వు? మా ఆయన స్టాండ్ల దగ్గర నీకేం పని?"

ఓరిన్ చేతిలో బద్ద పైకెత్తి చూపించాడు. "బద్ద మార్చడానికి వచ్చానమ్మా. ఓరిన్ పంపాడు."

ఆమె కాస్త ఆలోచించి గొట్టం దించింది. "అయితే సరే. గాడిలోకి బాగా దిగ్గొట్టు. వదులుగా ఉంటే ఆయనకి నచ్చదు."

అతను బద్దను దిగ్గొట్టాడు, ఆమెకు నచ్చేంత గట్టిగా.

ఆ మధ్యాహ్నమే తుపాకులన్నీ లాయల్ బండిలో వెళ్లిపోయాయి. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే వెల్డా అడిగేది, "నా రైఫిల్ ఏది?" అని. "రిపేరుకిచ్చాం" అనేవాడు. ఆమె వెళ్లి బల్ల దగ్గర ఖాళీ చేతులతో నిలబడి, అట్టల్ని చూసి వచ్చేది.

ఆగస్టులో ఒకరోజు ఆమె చూపు తేటగా ఉంది. చిక్కుళ్లు ఒలుస్తూ, "నీ మీదకి గురి పెట్టానా నేను?" అంది.

"లేదు."

"అబద్ధం ఆడటం నలభై ఏళ్లలో నేర్చుకోలేకపోయావు ఓరిన్" అంది. చిక్కుళ్ల గిన్నె పక్కన పెట్టి, అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, చాలాసేపు ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. ఆ ఒక్క మధ్యాహ్నం ఇద్దరూ కలిసే దుఃఖపడ్డారు. మర్నాడు పొద్దున ఆమె మళ్లీ అడిగింది, "నా రైఫిల్ ఏది?"

ఆ ప్రశ్నంటే మొదట భయపడ్డాడు. పోనుపోను, కాఫీ కలుపుతూ దానికోసమే చెవి ఒగ్గేవాడు. అక్టోబరులో ఆకులు రాలుతుండగా ఒక పొద్దున ఆమె అడగలేదు. మర్నాడూ అడగలేదు. మూడో రోజు అతనే ఉండబట్టలేక, "వెల్డా, నీ రైఫిల్ రిపేరు ఇంకా అవలేదట" అన్నాడు.

ఆమె మర్యాదగా నవ్వింది, కొత్తవాళ్లని చూసి నవ్వినట్టు. "ఏ రైఫిలండీ?"

ఓరిన్ ఆమె కాఫీలో చక్కెర కలిపి, కప్పు చేతికిచ్చి, పక్కన కూర్చున్నాడు.