మిషన్‌కు బొట్టు

ఉప్పల్‌లో బాలనర్సింహ కూతురు ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పడం ఇంట్లోవాళ్లకే పెద్ద పరీక్ష. యూనివర్సిటీలో స్పానిష్ ఎమ్మే, దానికి తోడు పోర్చుగీసు. "గవి ఏ దిక్కు మాట్లాడుతరే?" అని మేనత్త కృష్ణమ్మ కనబడ్డప్పుడల్లా అడిగేది. జవాబు మాత్రం ఏనాడూ వినలేదు. బాలనర్సింహ అయితే నాచారంలో తాను పనిచేసే మందుల కంపెనీ అంతా చాటింపు వేసుకున్నాడు. ఆ గొప్పే ఇప్పుడు తండ్రీకూతుళ్ల మెడకు చుట్టుకుంది.

కంపెనీ మందులు కొనడానికి ముందు తనిఖీ చేసి రమ్మని బ్రెజిల్ వాళ్లు ఒక అధికారిణిని పంపారు. ఆవిడకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. ముంబయి నుంచి రావలసిన దుబాసీ జ్వరంతో ఆగిపోయాడు. మేనేజర్ జనార్ధనరావుకు వెంటనే బాలనర్సింహ బిడ్డ సరిత గుర్తొచ్చింది.

పొద్దున గేటు దగ్గరే ఆయన ఆమెను పక్కకు పిలిచాడు. "సూడమ్మా, గీ ఆర్డర్ పోతే మేమందరం రోడ్డున పడ్తం. ఎవని మిషన్ కాడ తప్పు దొరికితే వాడు గా దినమే ఇంటికి. మీ నాయిన మిషన్ అయినా సరే."

సరిత తలూపింది. దుబాసీ నోట్లో సొంత మాట ఉండకూడదని, ఏదీ తీయకూడదు, ఏదీ కలపకూడదని అరుణకుమారి మేడం క్లాసులో చెప్పేది. సరిత అది పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకుంది. రాయడానికేం, ఎవరైనా రాస్తారు.

మిషన్ల గదిలోకి వెళ్లాలంటే టోపీ, గౌను, మాస్కు, గ్లౌజులు, కాళ్లకు కవర్లు తొడుక్కోవాలి. ఉంగరం, గాజు, తాయెత్తు, దారం, ఏదీ ఒంటిమీద ఉండకూడదు. అధికారిణి పేరు క్లాడియా. బ్రెజిల్‌లో పెద్ద ఆడవాళ్ల పేరుకు ముందు 'దోన' అంటారు, మనం చివర్న 'గారు' అన్నట్టు. దోన క్లాడియా బెంచీ మీద కూర్చుని కాలికి కవరు లాక్కుంటుంటే ప్యాంటు అంచు పైకి జరిగింది. చీలమండకు వెలిసిపోయిన రిబ్బను కనబడింది. సరిత ఇట్టే గుర్తుపట్టింది. బ్రెజిల్‌లోని బహియాలో చర్చి దగ్గర ముడికొక కోరిక కోరుకుని కట్టుకునే రిబ్బను అది. దానంతటదే తెగి పడేదాకా తీయరు. అలాంటిదొకటి మేడం క్లాసులో చూపించింది కూడా. క్లాడియా చటుక్కున ప్యాంటు కిందికి లాక్కుంది. ఇద్దరి కళ్లూ కలిశాయి.

గది లోపల మాత్రలు కొట్టే మిషన్ పక్కన బాలనర్సింహ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మాస్కు వెనక కూతుర్ని చూసి నవ్వుతున్నాడని కళ్లే చెబుతున్నాయి. క్లాడియా టార్చి వేసుకుని మిషన్ చుట్టూ తిరిగింది. ఇంతవరకూ ఎవరూ చేయని పని చేసింది. మోకాళ్ల మీద కూర్చుని మిషన్ అడుగుకు తొంగిచూసింది.

"ఇదేమిటి?"

కింది పలక లోపలివైపు వేలిముద్రంత ఎర్రటి చుక్క ఉంది. ఆ చుక్క ఎవరిదో సరితకు ఒకరు చెప్పాలా? దసరాకు బాయిలర్‌కూ, వ్యాన్లకూ జనార్ధనరావే దగ్గరుండి కొబ్బరికాయలు కొట్టిస్తాడు. ఈ గదిలో మాత్రం పూజలు కుదరవు. అన్నం పెట్టే మిషన్‌ను దసరా నాడు ఉత్త మొహంతో వదిలేయడం బాలనర్సింహకు ప్రాణం పోయినా చేతకాదు. ఇంట్లో కుట్టుమిషన్‌కు, బండికి, ఆఖరికి సరిత లాప్‌టాప్‌కు కూడా బొట్టు పెట్టే మనిషి.

"రంగు అని జెప్పు," అన్నాడు జనార్ధనరావు, నవ్వు చెదరనివ్వకుండా. "రిపేరోళ్లు పెట్టుకున్న గుర్తు అని జెప్పు. జల్ది."

సరిత నేల వైపు చూస్తూ పోర్చుగీసులో చెప్పింది, "రంగండీ. రిపేరు చేసేవాళ్ల గుర్తు." చెప్పిన మరుక్షణం ఆమెకు భయం కంటే సిగ్గే ఎక్కువ వేసింది.

అబద్ధం గట్టెక్కిస్తుందనుకుంటే నిలువునా ముంచేసింది. క్లాడియా లేచి నిలబడి ప్రశ్నలు గుప్పించింది. ఏ రంగు? అందులో ఏ రసాయనాలున్నాయి? పెచ్చు ఊడి మాత్రల్లో కలిస్తే ఎవరిది బాధ్యత? సరిత ఒక్కొక్కటే తెలుగులో చెబుతుంటే జనార్ధనరావు నుదుటి మీద చెమట పట్టింది.

"అయితే గీ ఆపరేటరే మాకు తెల్వకుంట వేసిండని జెప్పు. ఇయ్యాల్నే పనిల నుంచి తీసేస్తున్నమని జెప్పు."

బాలనర్సింహ అక్కడే ఉన్నాడు. ఆ మాట తెలుగులోనే అన్నారు మరి, అర్థం కాకపోవడానికి లేదు. కళ్లలో నవ్వు ఆరిపోయింది.

"ఏం జూస్తున్నవ్? జెప్పు," అన్నాడు జనార్ధనరావు.

క్లాడియా ఎదురుచూస్తోంది. 'మరి మీ కాలికున్నదేమిటి?' అని సరిత ఒక్క మాట అంటే చాలు, ఆవిడ నోరు మూతపడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలా బెదిరించి నెగ్గితే తనకూ ఈ మేనేజర్‌కూ తేడా ఏముందని తన మీద తనకే అసహ్యం వేసి మింగేసింది. తల ఎత్తి తండ్రి కళ్లలోకి చూసింది. చూస్తూనే క్లాడియాకు జవాబు చెప్పింది.

"అది రంగు కాదు. చెప్పమన్నది మేనేజరే అయినా, అబద్ధం చెప్పింది నేను. అది కుంకుమ. పండగనాడు పనిముట్టుకు పెట్టే బొట్టు. పెట్టింది ఈయనే. ఈయన మా నాన్న."

మిగతాదేదీ అర్థం కాకపోయినా 'కుంకుమ' అన్న మాట జనార్ధనరావు చెవిన పడింది. "ఏం జెప్పినవే?" అని పళ్లు కొరికాడు.

క్లాడియా ఆయన్ని పట్టించుకోలేదు. బాలనర్సింహ వైపు తిరిగింది. "ఏం కోరుకుని పెట్టాడో అడుగు."

సరిత అడిగింది. బాలనర్సింహ గ్లౌజులు సవరించుకున్నాడు. "ఏం గోరుకుంటం బిడ్డా. గీ గోలీ మింగినోళ్లకు నయం గావాలె అని మొక్కిన. గంతే."

ఆ చిన్న మాటను సరిత పోర్చుగీసులోకి మార్చింది. ఏదీ తీయలేదు, ఏదీ కలపలేదు.

క్లాడియా టార్చి ఆర్పేసింది. ఆ తర్వాత వచ్చింది మాత్రం అచ్చంగా అధికారి గొంతే. బొట్టు తుడిచి, మిషన్ కడిగి, పరీక్షలు పూర్తయ్యేదాకా ఇక్కడి మాత్ర ఒక్కటీ కదలకూడదు. "కుంకుమ కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది రంగు అన్న మాట. ఈ మనిషిని తీసేస్తే ఇక్కడ ఇంకెవరి మాటా నేను నమ్మను. ఇది కూడా ఆయనకు చెప్పు." సరిత చెప్పింది. జనార్ధనరావు మొహం మాడిపోయింది.

బయటి గదిలో గౌను విప్పాక క్లాడియా కత్తెర అడిగింది. ప్యాంటు పైకి లాగి, కాలి రిబ్బను పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. కటుక్కున కత్తిరించి పర్సులో పెట్టుకుంది. ఎవరి కోసం కట్టుకుందో సరిత అడగలేదు. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి.

బాలనర్సింహకు ఉద్యోగం నిలబడింది గానీ మిషన్ దక్కలేదు. రేపటి నుంచి ప్యాకింగ్‌లో చెయ్యమని సాయంత్రం జనార్ధనరావు చెప్పేశాడు. తండ్రీకూతుళ్లు బండి మీద నాచారం దాటి, హబ్సిగూడ దాటి, ఉప్పల్ సిగ్నల్ దాకా వచ్చారు.

"నా వల్ల నీ మిషన్ పాయె గద నాయినా," అంది సరిత.

బాలనర్సింహ వెనక్కి తిరగలేదు. "మొదలు నువ్వు ఆమెకు అబద్ధం జెప్పినవ్ గద? నువ్వు నోరు దెరవంగనే నాకు సమజైంది."

"మేనేజర్ జెప్పమన్నది జెప్పిన. అయినా నోరు దెరవంగనే నీకెట్ల సమజైంది? నీకు గా భాష రాదు గద."

"భాషెందుకు బిడ్డా. గప్పుడు నువ్వు నా దిక్కు జూడలె," అన్నాడు. "రెండోసారి జూసినవ్."