అవతలి ఒడ్డు దుబాసీ

ముసలావిడ కుడి కంటికి చూపు ఇక తిరిగి రాదని డాక్టరు చెప్పినప్పుడు, ఆ గదిలో ఆ మాట అర్థమైంది ఆమె మనవరాలొక్కదానికే. పిల్లకు పదేళ్లుంటాయి. యుద్ధంలో ఊరొదిలి, శిబిరాల్లో తలదాచుకుని, చివరికి ఈ దేశం చేరాక దాన్ని బడిలో వేశారో లేదో ఇక్కడి భాష నోటికి పట్టుబడింది. తల్లికి పలకరింపులూ కూరగాయల పేర్లూ వచ్చేసరికే తలప్రాణం తోకకొచ్చింది. నాయనమ్మ సంగతి సరేసరి. అందుకని ఏ ఆఫీసుకు వెళ్లినా, ఆసుపత్రికి వెళ్లినా పిల్లే ముందు నడిచేది, పెద్దవాళ్లిద్దరూ వెనక నడిచేవారు.

డాక్టరు ఇంకా చెప్పాడు. ఎడమ కంటికి కూడా పొర కమ్ముతోందనీ, త్వరగా ఆపరేషన్ చేయించుకుంటే అదొక్కటైనా నిలబడుతుందనీ, ఆలస్యమైతే అదీ పోతుందనీ. పిల్ల అంతా విని నాయనమ్మ వైపు తిరిగింది. ఆవిడ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, తీర్పు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చుని ఉంది.

"చుక్కల మందు వేసుకుంటే రెండు కళ్లూ బాగవుతాయట నాయనమ్మా" అంది పిల్ల.

ముసలావిడ డాక్టరు గొంతు వచ్చిన వైపుకు ముఖం తిప్పి, నూరేళ్లు చల్లగా ఉండమని దీవించింది. ఇంత గుండెనిబ్బరం గల మనిషిని తాను చూడలేదని డాక్టరు అనుకున్నాడు.

ఆ అబద్ధం ఎన్నాళ్లో నిలవలేదు. కొత్తగా వచ్చినవాళ్లకు ఇల్లూ బడీ వైద్యమూ చూసిపెట్టే సహాయ కేంద్రం ఒకటి ఆ వీధి చివర, ఇనుప సామాను కొట్టు మేడ మీద ఉండేది. వీళ్లకు రెండు గదుల వాటా కుదిర్చిందీ, కుట్టుపని తెలిసిన కోడలికి బట్టలు సరిచేసే దుకాణంలో చోటు చూపించిందీ అక్కడివాళ్లే. వీళ్ల వ్యవహారాలు చూసే ఆమెకు ఇంట్లో పెట్టుకున్న పేరు కళ్లజోడమ్మాయి. ఒక సాయంత్రం ఆమె ముసలావిడ కోసం పరుపు మోయించుకొచ్చి, కంటి ఆపరేషన్‌కు ఏ రోజు వీలవుతుందని అడిగింది. డాక్టరు గదిలో గబగబా దొర్లిపోయిన ఆపరేషన్ అన్న మాట ఈసారి కోడలికి అర్థమైంది.

ఆమె కూతుర్ని వంటగదిలోకి తీసుకెళ్లి, డాక్టరు అసలేమన్నాడని మెల్లగా అడిగింది. పిల్ల ఏడుపు ఆపుకోలేకపోయింది.

"నాన్న చనిపోయాడని నాయనమ్మకు నేనే చెప్పానమ్మా. ఇది కూడా నేనే చెప్పాలా?"

ఊరు తగలబడిన నాడు వీధిలోంచి పరుగెత్తుకొచ్చి ఆ కబురు చెప్పింది ఈ పిల్లేనన్న సంగతి తాను మరిచిపోయిందా, లేక గుర్తుంచుకోవడం చేతకాక వదిలేసిందా అన్నది కోడలికే తెలియలేదు.

సగం సైగలతో, సగం వచ్చీరాని మాటలతో కళ్లజోడమ్మాయికి విషయం తెలిసింది. ఆమె పిల్లను ఒక్క మాట కూడా అనలేదు. తప్పు తమదేనంది. పిల్ల గడగడా మాట్లాడుతుంటే ముచ్చటపడి ఊరుకున్నామనీ, మొదటి రోజే పెద్ద మనిషిని దుబాసీగా పంపాల్సిందనీ ఒప్పుకుంది. ఇకమీదట ఆసుపత్రి ఉన్న రోజున పిల్ల బడికే వెళ్లాలని గట్టిగా చెప్పింది.

కోడలు అత్తగారి పక్కన కూర్చుని అసలు సంగతి చెప్పింది. ముసలావిడ తొణకలేదు.

"పోయిన కన్ను సంగతి నాకెప్పుడో తెలుసే. కనబడనిది నాకే కదా. పిల్ల అంత ముద్దుగా చెబుతుంటే కాదనడమెందుకని ఊరుకున్నాను. రెండోదానికి కత్తి పడాలన్నదే తెలియదు."

అనుకున్న రోజుకు సహాయ కేంద్రం పంపిన దుబాసీ ఆసుపత్రి వరండాలో ఎదురొచ్చాడు. నలభైకి దగ్గరపడిన మనిషి, ఇస్త్రీ చొక్కా. ఎలా ఉన్నారమ్మా అని పలకరించాడు. ఆ ఒక్క పలకరింపుకే ముసలావిడ ముఖం బిగుసుకుపోయింది. మాట తమదే, యాస మాత్రం తమ ఊరి నదికి అవతలి ఒడ్డుది. నది దాటి వచ్చి తమ ఊరికి నిప్పు పెట్టినవాళ్లు సరిగ్గా అలాగే సాగదీసి మాట్లాడేవారు.

ఈలోగా లోపలికి పిలిచారు. డాక్టరు నోరు తెరవకముందే ముసలావిడ కోడలి వైపు తిరిగి అందుకుంది.

"ఈయన మనుషులు నా కొడుకును చంపారు. ఈయన నోటి చలవతో నా కన్ను బాగుచేయించుకునే గతి నాకింకా పట్టలేదు. ఆ మాట డాక్టరుకు చెప్పమను."

దుబాసీ గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టాడు. కోడలు చెవి ఒగ్గి వింది. కొడుకు, చంపడం లాంటి మాటలు ఇక్కడి భాషలో ఆశ్రయం అడిగేవాళ్లకు ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తాయి. అతను నా కొడుకు అన్నచోట నా కొడుకు అనే అన్నాడు. ఈయన మనుషులు అన్నచోట, డాక్టరుకు పొరపాటు రాకుండా తన ఛాతీ మీద చేయి పెట్టుకుని చూపించాడు. చెప్పడం అయ్యాక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డాక్టరు తల దించుకున్నాడు.

"ఏమన్నాడు?" అని ముసలావిడ కోడల్ని అడిగింది.

"మీరన్నదే అన్నాడు అత్తయ్యా."

"మెత్తగా మార్చాడా?"

"లేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు."

"అయితే నా ఎడమ కన్ను సంగతేమిటో అడగమను" అంది ముసలావిడ.

ఆ తర్వాత ఆవిడ అడగని ప్రశ్న లేదు. నొప్పి ఉంటుందా, మెలకువ ఉంటుందా, వికటిస్తే ఏమిటి గతి అని. కొందరికి వికటిస్తుందని డాక్టరు అంటే, దుబాసీ ఆ మాటను మింగకుండా అలాగే చేరవేశాడు. ఆపరేషన్‌కు ఒప్పుకుని బయటికి వచ్చారు. దుబాసీ అవతలి ఒడ్డువాడని తెలిసి కళ్లజోడమ్మాయి నొచ్చుకుంది. ఇంకో ఊళ్లో వేరే దుబాసీ ఎవరైనా ఉన్నారేమో, ఫోన్లో మాట్లాడిస్తానంది. ముసలావిడ వద్దంది.

"ఇంకొకడొస్తే వాణ్ని మళ్లీ మొదటినుంచి తిట్టాలి. ఇతనికి ఆ ముచ్చట అయిపోయింది."

ఆపరేషన్ బాగానే జరిగింది. కట్టు విప్పే రోజున డాక్టరు పక్కన దుబాసీ, మంచం పక్కన కోడలు ఉన్నారు. ముసలావిడ ముందు కిటికీని చూసింది. తర్వాత కోడల్ని చూసి, ఇలా చిక్కిపోయావేమిటే అంది. ఆపైన దుబాసీని ఎగాదిగా చూసింది. గొంతును బట్టి బండలాంటి మనిషి అనుకున్నదట, తీరా చూస్తే భుజాలు వంగిన బక్కవాడు.

"నువ్వెందుకొచ్చావు ఈ దేశానికి?" అని అడిగింది.

దుబాసీ ఆమెకు జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నను డాక్టరుకు చేరవేశాడు. అది అతని వృత్తి ధర్మం. గదిలో ఎవరేమన్నా రెండోవాళ్లకు తెలియాలి, సొంత మాట కలపకూడదు. డాక్టరు కాస్త నవ్వి, నన్ను కాదయ్యా, నిన్నే అడుగుతోంది, చెప్పు అన్నాడు.

"మమ్మల్నీ నది దాటమన్నారమ్మా. తుపాకులిచ్చారు. మా తమ్ముడు వెళ్లాడు. నేను పారిపోయి వచ్చాను."

"తమ్ముడు తిరిగొచ్చాడా?"

"లేదమ్మా."

అది కూడా అతను డాక్టరుకు చెప్పాడు. తమ్ముడు అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్లీ సాగించాడు. ముసలావిడ ఊఁ అని ఊరుకుంది. క్షమించాననీ అనలేదు, పాపమనీ అనలేదు. చుక్కల మందు ఎలా వేసుకోవాలో రెండుసార్లు చెప్పించుకుని లేచింది.

తిరుగు బస్సులో ఆవిడ కిటికీ వైపు సీటు అడిగి మరీ కూర్చుంది. దుకాణాల బోర్డులు, సైకిళ్లు, చేతులు పట్టుకుని నడిచేవాళ్లు, అన్నీ చూసింది.

"అతనికి తల్లి ఉందంటావా?" అంది ఉన్నట్టుండి.

"నాకేం తెలుసు అత్తయ్యా."

"వచ్చేసారి అడుగు."

"మీరే అడగండి."

"నేను అడగను" అని ముసలావిడ మళ్లీ వీధికేసి తిరిగింది. ఇంతలో వాళ్లు దిగాల్సిన స్టాపు వచ్చింది.