నాన్న ఎక్కించిన మూడు మాటలు

యాప్‌లో అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేయవే, నాన్న కళ్లజోడు లేకుండా చూడాలిగా అని ఆసుపత్రి నుంచి అక్క అంటే అదెంత పని అనుకున్నాను, నిజంగానే ఎంతో కాదు, ఒక అంకె మార్చి, మార్పును యాప్‌లోకి పంపే డిప్లాయ్ బటన్ నొక్కితే మిగతాదంతా యాప్‌ని తమ యంత్రాల మీద నడిపే క్లౌడ్ వాళ్లే చూసుకుంటారు, మనం కొత్త అల్లుడిలా కూర్చుంటే చాలు, తెర మీద గీత నెమ్మదిగా పచ్చబడుతోంది, కాఫీ చల్లారుతోంది, పై ఇంట్లో ఎవరో కుర్చీ జరుపుతున్నారు, ఆపరేషన్‌లో గొంతుపెట్టె తీసేస్తే ఇక మాట ఉండదని ఆ రోజు డాక్టరు మెల్లగా చెప్తే, బస్టాండు మైకులో జీవితమంతా అరిచాను డాక్టరుగారూ, ఊరి చెవులకీ కాస్త విశ్రాంతి కావాలిగా అన్నాడు నాన్న, అమ్మ నవ్వలేదు, ఆ వారమే ఈ యాప్ మొదలుపెట్టాను, ఫోనులో గడి తాకితే నాన్న గొంతే పలుకుతుంది, నీళ్లు, నొప్పి, దుప్పటి, ఫ్యాను ఆపండి, ఒక్కో మాటా ఆయన చేత చెప్పించి కోడ్‌తో పాటే పెట్టాను.

మళ్లీ అక్క ఫోను, ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లారే, అన్నట్టు నిన్న నాన్న తనంతట తనే ఇంకో మూడు మాటలు చెప్పి యాప్‌లో ఎక్కించుకున్నాడు, అప్పుడే వినొద్దన్నాడు, అక్క ఇంకా ఏదో చెప్తోంది, యాప్ నుంచి ఎక్కించినవి కోడ్‌లో ఉండవు, అవతల క్లౌడ్‌లో నడుస్తున్న యంత్రం డిస్కులోనే ఉంటాయి, వేరే చోట భద్రం చేయాలి, చేద్దాంలే అని వదిలేశాను, ఇక్కడేమో డిప్లాయ్ చేసిన ప్రతిసారీ కొత్త యంత్రం పెట్టి పాతదాన్ని డిస్కుతో సహా పారేస్తారు, నాన్న మళ్లీ చెప్పలేడు, ఇక ఎప్పటికీ చెప్పలేడు, భయమేసింది, ఆగు, కొత్తది లేచి నేను బాగానే ఉన్నానని జవాబిచ్చేదాకా పాతదాన్ని కదపరు, గీత ఇంకా చివరికి రాలేదు, రద్దు నొక్కాను, కొత్తది ఆగిపోయింది, పాతది నడుస్తోంది, ఏంటే మాట్లాడవు అంటోంది అక్క, ఏం లేదే, అక్షరాలు కాసేపాగి పెద్దవి చేస్తాను అన్నాను.

మూడింటినీ నా కంప్యూటర్‌లోకి దించుకున్నాను, వినొద్దన్నాడు సరే, సరిగ్గా దిగాయో లేదో వినకుండా ఎలా తెలుస్తుంది, మొదటిది అమ్మకి, ఏమోయ్, ఇంకా కోపమేనా, రెండోది అక్కకి, పెద్దదానా, నువ్వు కాసేపు పడుకో, మూడోది నాకు, ఆ బస్టాండు గొంతుతోనే, ఏ ప్రయాణికుడికీ పొరపాటు వినిపించకూడదన్నట్టు ఒత్తి ఒత్తి, పిచ్చుకా, తిన్నావా, లేదు నాన్నా అని తెరతోనే అన్నాను, ఏడుపొచ్చింది, కాఫీ పూర్తిగా చల్లారింది, గీత ఉన్న చోట ఇప్పుడేమీ లేదు, ఎంత ఆలోచించినా నాకు తట్టినవన్నీ ఆయన మమ్మల్ని అడగాల్సిన మాటలే, నీళ్లు, నొప్పి, దుప్పటి, రోగికి కావలసినవన్నీ నేను పెట్టాను, నాన్నకి కావలసినవి నాన్నే పెట్టుకున్నాడు.