రొయ్యల మందు

డాక్టర్ కావ్య కట్టు విప్పగానే గంగబాబు పళ్ళు బిగించాడు. హెర్నియా ఆపరేషను కుట్ల మధ్య నుంచి చీము కారుతోంది. చుట్టూ ఎర్రగా ఉబ్బి ఉంది. జ్వరం దిగడం లేదు. ఆవిడ గ్లవ్స్ తీసేసి, మంచం పక్కన నిలబడ్డ అతని భార్య సత్యదుర్గ వైపు తిరిగింది.

"ఇంటికెళ్ళాక దీని మీద ఏమైనా రాసేరా అమ్మా?"

సత్యదుర్గ నోరు తెరిచేలోగా వెనక నుంచి జగ్గారావు అందుకున్నాడు. "ఏం రాయలేదండీ. మా మనిషి, నాకు తెలీదా."

ఉప్పలగుప్తం దగ్గర జగ్గారావుకు రొయ్యల చెరువులున్నాయి. గంగబాబు వాటికి కాపలా మనిషి. మేత బస్తాలు మోసి మోసి తెచ్చుకున్న జబ్బు ఇది. ఆపరేషనుకు కారులో అమలాపురం తీసుకొచ్చిందీ జగ్గారావే, కుట్లు ఆరకుండా పనిలోకి రమ్మన్నదీ ఆయనే. ఊళ్ళో జనం మొదటిదే చెప్పుకుంటారు. రెండోది ఎవరికీ గుర్తుండదు.

చెరువు మీద ఉండగానే కుట్లు కారడం మొదలైంది. రోగమొచ్చిన రొయ్యలకి మేతలో కలిపే పసుపుపచ్చ పొడి ఒకటి షెడ్డులో ఉంటుంది. ప్రభుత్వం కలపకూడదన్న యాంటీబయాటిక్ మందు అది, చాటుగా వస్తుంది. దాంతో చెరువు చెరువంతా తేరుకోవడం గంగబాబు కళ్ళారా చూశాడు. రొయ్యకి పనిచేసింది మనిషికి పనిచెయ్యదా అనుకుని పుండు మీద చల్లుకున్నాడు, నీళ్ళలో కలుపుకుని తాగాడు కూడా. చెయ్యి తెగినా జ్వరమొచ్చినా ఆ చెరువుల మీద అందరూ చేసేది అదే. తప్పని చెప్పినవాడు లేడు.

"చీము పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆగలేం," అంది కావ్య. "రెండు మందులున్నాయమ్మా. ఒకటి భయం లేనిది, చాలామందికి తగ్గుతుంది. కానీ ఆ జాతి మందు ముందే వాడుంటే పనిచెయ్యకపోవచ్చు. అప్పుడు విషం ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికొస్తుంది. రెండోది గట్టి ఇంజెక్షను. దీనికి పనిచేసే అవకాశం ఎక్కువ. కానీ కిడ్నీలు దెబ్బతినొచ్చు, కొందరికి చెవులు పోతాయి. పోతే మళ్ళీ రావు."

సత్యదుర్గకు చెరువే గుర్తొచ్చింది. చెరువు నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతుంటాయి. అవి ఆగాయంటే తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలిపోతాయి. ఎంత నిద్రలో ఉన్నా వాటి చప్పుడులో తేడా పట్టేస్తాడనే గంగబాబుకు ఆ ఉద్యోగం. చెవిటివాణ్ణి కాపలాకి ఎవరు పెట్టుకుంటారు?

జగ్గారావు ఆమెను వరండాలోకి పిలిచాడు. "భయం లేని మందే ఇమ్మను. పొడి మాట ఎత్తేవంటే నా సరుకు కొనే నాథుడుండడు. మీ ఆయన్ని నేను చూసుకోనా? నీ మంచికే చెప్తున్నాను."

"ఆయ్," అంది సత్యదుర్గ అలవాటు కొద్దీ.

లోపలికొచ్చేసరికి గంగబాబు చెయ్యి పట్టుకున్నాడు. "ఇంజెక్షనొద్దే. చెవులు పోతే నిన్నెలా సాకుతాను?"

ఆమెకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. "నువ్వే పోతే?" అంది. డాక్టరు వైపు తిరిగింది. "జగ్గారావుగారు అబద్ధం చెప్పేరండీ. రొయ్యల మందు రాసేడండీ ఈయన. తాగేడు కూడా."

"సత్యదుర్గా!" అన్నాడు వెనకే లోపలికొచ్చిన జగ్గారావు.

ఆమె తల తిప్పలేదు. "షెడ్డులో సంచి ఉంటదండీ. తెచ్చి చూపిస్తాను."

జగ్గారావు చెప్పులు టకటకలాడిస్తూ వెళ్ళిపోయాడు. ఎక్కడికో ఆమెకు తెలుసు. తాను వెళ్ళేసరికి షెడ్డులో ఏమీ ఉండదు.

"అయితే ఆ మొదటి మందు నమ్మలేం, ఇంజెక్షనే ఇవ్వాలి. రోజూ రక్తం, చెవులు పరీక్ష చేస్తాం. తేడా కనిపిస్తే ఆపేస్తాం. అయినా పూచీ ఇవ్వలేను," అంది కావ్య. "ఒప్పుకుంటారా?"

గంగబాబు భార్య వైపు చూశాడు. తర్వాత ఇంజెక్షనుకు చెయ్యి చాపాడు.

మందు ఎక్కుతుండగా భార్యను దగ్గరికి రమ్మన్నాడు. "ఏదన్నా మాట్లాడవే. వింటాను."

సత్యదుర్గ అతని చెవి దగ్గరికి వంగింది. "గంగబాబూ," అని మొదటిసారి పేరు పెట్టి పిలిచింది.