అరిగిన వేలిముద్ర

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే షెడ్డులో మూడో లోడు తిరుగుతుండగా పెద్దక్కకు పిలుపొచ్చింది. తడి చేతులు తుడుచుకుంటూ సూపర్‌వైజర్ గదిలోకి వెళ్ళింది. ఎందుకు పిలిచాడో తెలుసు. తప్పు తనదే.

నిన్న బ్లీచింగ్ నీళ్ళు పడి, ఇదే షెడ్డులో పనిచేసే తోడికోడలి చెయ్యి మోచేతిదాకా పొక్కిపోయింది. పొద్దున పెద్దక్క ఆ చేతిని ఫొటో తీసి, కింద "చేతి తొడుగులిచ్చేదాకా రేపట్నుంచి ఎవరమూ మిషన్ ముట్టొద్దు" అని రాసింది. జత తొడుగులు రెండు టీల ఖరీదు చెయ్యవు. అయినా ఏడాదిగా అడుగుతూనే ఉన్నారు.

షెడ్డులోని పదకొండుమంది ఆడవాళ్ళకు ఫోన్లో ఒక యాప్ మీద విడిగా గ్రూపుంది. అందులో రాసింది మూడో కంటికి కనబడదు. కనబడదు కాబట్టే సర్కారుకు కంటగింపయింది. ఆర్నెల్ల కిందట ఆ యాప్‌ను ఆపేసింది. వీళ్ళు వీపీఎన్ అనే దొడ్డిదారిన తెరుచుకున్నారు. ఇవాళ తెల్లారేసరికి ఆ దారికీ గొళ్ళెం పడింది. దేశభద్రత కోసమట! కాలిన చేతి ఫొటోతో దేశానికేం ముప్పో ఆ పెద్దలకే తెలియాలి.

ఆ గ్రూపులో పెట్టబోతే ఎంతసేపు చూసినా ఫొటో కదల్లేదు. లోడుల వివరాలు పెట్టడానికి వేరే యాప్ మీద కంపెనీ డ్యూటీ గ్రూపు ఇంకోటుంది. రోజూ తెరిచి తెరిచి అలవాటైపోయిన వేలు కంగారులో అటే పోయి, ఫొటో అందులో పడింది. నిమిషంలో చెరిపేసింది గానీ, ఆ నిమిషమే సూపర్‌వైజర్‌కు చాలింది.

"వేరే గ్రూపులో పెట్టబోయి ఇక్కడ పెట్టావు. అందులో ఎవరెవరున్నారో చూపించు," అన్నాడు సూపర్‌వైజర్.

"నాకేం గ్రూపులు సార్? ఏదో తప్పు నొక్కాను."

"నా చెవిలో పూలు పెట్టకు. వీపీఎన్ ఉన్న ఫోను పోలీసుల చేతికిస్తే నీ గతేంటో తెలుసా? పేర్లు చెప్పు, నీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటా."

పేర్లు బయటపడితే తోడికోడలితో సహా అందరూ రేపు గేటు బయటే. పెద్దక్క ఫోనును కొంగులో దాచుకోబోయింది.

అతను ఫోను గుంజుకుని, ఆమె చెయ్యి లాగి బొటనవేలిని దానికి అదిమాడు. తెరుచుకోలేదు. తుడిచి మళ్ళీ అదిమాడు. ఊహూఁ. ఫోను ఇక లాక్ నంబరు అడుగుతోంది.

పెద్దక్కకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇరవయ్యేళ్ళ బట్టల సోడా నీళ్ళు వేలిగీతలన్నీ తినేశాయి. హాజరు మిషన్ ఈ వేలిని గుర్తుపట్టలేదని కిందటేడు తొమ్మిదిరోజుల కూలి కోసేశారు. "నీ వేలు బాగాలేకపోతే నేనేం చేసేది?" అన్నది ఈ మనిషే.

"నంబరెంత?" అని అరిచాడు.

ఆమె చెయ్యి విడిపించుకుంది.

"వేలైతే మీ నీళ్ళు తినేశాయి సార్. నంబరు నా దగ్గరే ఉంది. చెప్పను."

అతను పోలీసులకు ఫోన్ కలపసాగాడు. అవతల మూడో లోడు అయిపోయి బజర్ మోగింది. పదిమంది ఉన్నారక్కడ. పొద్దున ఆ ఒక్క నిమిషంలో డ్యూటీ గ్రూపులో తను రాసింది వాళ్ళూ చూసే ఉంటారు.

బజర్ మోగుతూనే ఉంది. ఎవ్వరూ మిషన్ ముట్టి ఆపలేదు.